లండన్ మ్యూజియంలో ఒక రోజు: మన పిల్లల అపోహలు, అసలు సంగతులు

మద్రాసులో రాతి, కంచు విగ్రహాలు పాడవకుండా చూసుకునే పని నాది. పైచదువులకు ఇంగ్లండ్ వెళ్లే తెలుగు పిల్లలు మా చుట్టుపక్కల బాగానే ఉన్నారు. వెళ్లిన కొత్తలో ఏదో ఒక సెలవు రోజున బ్రిటిష్ మ్యూజియం చూసొచ్చి, రాత్రికి నాకు ఫోన్ చేయడం మామూలైపోయింది. ఎవరు చేసినా దాదాపు అవే ప్రశ్నలు, వాటి కింద అవే అపోహలు.

అపోహ: పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి మొత్తం చూసేయొచ్చు.

కుదరదు. అక్కడ ఉన్నవి దాదాపు 80 లక్షల వస్తువులు. బయట పెట్టినవి 80 వేలు, అంటే నూటికి ఒకటి. నిమిషానికి ఒకటి చొప్పున తిండీ నిద్రా మానేసి చూసినా 55 రోజులు దాటుతుంది. ప్రత్యేక ప్రదర్శనలు తప్ప మిగతా అంతటికీ ప్రవేశం ఉచితం కాబట్టి "డబ్బు పెట్టాం, అన్నీ చూడాలి" అనే టెన్షన్ అక్కర్లేదు. మూడు గదులు ఎంచుకోండి. కాళ్లు నొప్పి పుట్టాక చూసింది ఎలాగూ గుర్తుండదు. శుక్రవారం రాత్రి 8:30 దాకా తెరిచే ఉంటుంది.

అపోహ: రొసెట్టా శిల నల్లరాయి.

ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కిన ప్రాచీన ఈజిప్టు రాయి ఇది. పాత పుస్తకాల్లో ఫొటో అలాగే ఉంటుంది, నల్లటి రాతి మీద తెల్లటి అక్షరాలు. నిజానికి ఆ తెలుపు, చదవడానికి వీలుగా అక్షరాల్లో నింపిన సుద్ద. ఆ నలుపులో చాలా భాగం, రక్షణ కోసం పూసిన మైనం మీద పేరుకున్న మురికి. 1999లో శుభ్రం చేస్తే ముదురు బూడిద రంగు రాయి బయటపడింది. పైన ఎడమ మూలన గులాబీ రంగు చార కూడా కనిపిస్తుంది. నాకు నచ్చేది కింది ఎడమ మూల. అక్కడ చిన్న ముక్కను కడగకుండా పాత నలుపుతో, సుద్దతో అలాగే ఉంచేశారు, ఇంతకుముందు ఎలా ఉండేదో తెలియాలని. జనాన్ని తోసుకుని ముందుకెళ్లి సెల్ఫీ దిగేవాళ్లలో ఆ మూల చూసేవాళ్లు తక్కువ. చేత్తో తాకి చూడాలంటే ఒకటో నంబరు గదిలో నకలు ఉంది. నకలే కదా అని వదిలేయకండి, తీరిగ్గా చూడగలిగేది దాన్నే.

అపోహ: కంచు విగ్రహం పచ్చగా ఉందంటే పట్టించుకోలేదని అర్థం.

"బాబాయ్, చోళుల విగ్రహాలకు చిలుము పట్టిపోయింది. ఇంత డబ్బున్న మ్యూజియం, తోమించలేరా?" అని మా పక్కింటి అమ్మాయి చాలా కోపంగా అడిగింది. ఇత్తడి బిందెను చింతపండు పెట్టి తళతళా తోమే ఇళ్లలో పుట్టినవాళ్లం, ఆ మాట రావడం సహజమే. కానీ పులుపు ఒక్క చిలుమునే కాదు, కింద ఉన్న పొరనూ తినేస్తుంది. తోమినప్పుడల్లా కాస్త లోహం పోతుంది. తరతరాలుగా అభిషేకాలు, తోమడాలు జరిగిన ఉత్సవ విగ్రహాలను దగ్గరగా చూడండి, కనురెప్పల గీతలు, నగల నగిషీ అరిగి నున్నగా అయిపోయి ఉంటాయి.

పచ్చదనంలోనూ రెండు రకాలు. ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా అంటుకుని ఉన్న పొర మంచిది. అదే లోపలి లోహాన్ని కాపాడుతుంది, దాని జోలికి పోం. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా, గోటితో గీస్తే రాలిపోయేలా ఉంటే మాత్రం గుండె గుభేలుమంటుంది. లోపల ఉప్పు చేరిందన్నమాట. గాలిలో తేమ ఉన్నంత కాలం అది లోహాన్ని తొలుచుకుంటూ పోతుంది. సముద్రపు గాలి తగిలే మద్రాసులో ఇది మాకు రోజువారీ పోరాటం. ఎగ్మూరు మ్యూజియంలో దీనికోసం రసాయన ప్రయోగశాల 1930ల నుంచే పనిచేస్తోంది.

అపోహ: అమరావతి శిల్పాలను తెల్లదొరలు ఒక్కసారిగా పెకలించి ఓడెక్కించారు.

దీనికి వ్యతిరేకంగా ఇంకో అపోహ కూడా వింటుంటాను, "వాళ్లు తీసుకెళ్లబట్టే మిగిలాయి" అని. రెండూ సగం సగమే. దీపాలదిన్నెను, అంటే అమరావతి బౌద్ధ స్తూపం ఉన్న మట్టి దిబ్బను, ముందు తవ్వింది అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు, 1790ల చివర్లో, కట్టడాలకు రాళ్ల కోసం. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ వచ్చి చూసి, 1816లో మళ్లీ బృందంతో వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. ఇక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో చాలా రాళ్లు లండన్ ఓడెక్కాయి. అక్కడ మాత్రం నెత్తిన పెట్టుకున్నారా? గుర్రపు బండ్లు పెట్టే కొట్టంలో పడేశారు. 1860లలో కట్టడాల చరిత్రకారుడు ఫెర్గూసన్ కంట పడేదాకా ఎవరూ పట్టించుకోలేదు. కాపాడామనే మాట నాకు మింగుడుపడదు.

ఇవి పాలరాతివి కావు, పల్నాటి సున్నపురాయి. ఉప్పు నీటిని పీల్చుకుంటుంది, ఆరాక ఉప్పు స్ఫటికాలై పైపొరను రేకులు రేకులుగా ఊడగొడుతుంది. ఎగ్మూరులో మిగిలినవాటిని 19వ శతాబ్దం చివర్లో గోడల్లో సిమెంటుతో బిగించడం ఆ బాధను ఇంకా పెంచింది. లండన్‌లో 33ఎ గదిలో అద్దాల వెనక ఉంచింది తేమ అదుపులో ఉండటానికే. అక్కడ ఉన్నవి 120కి పైగా. ఎగ్మూరులో అంతకంటే ఎక్కువే ఉన్నాయి, మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. మద్రాసు పిల్లలు ముందు ఇవి చూసి విమానం ఎక్కితే అవి ఇంకా బాగా అర్థమవుతాయి.

అపోహ: గదుల్లో మసక వెలుతురు కరెంటు ఆదా కోసం, లేదా హంగు కోసం.

బట్టలు, కాగితాలు వెలుతురుకు వెలిసిపోతాయి. పోయిన రంగు తిరిగి రాదు. అందుకే వాటి మీద పడే వెలుతురును 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గరే ఆపుతారు.

అపోహ: పక్కన ఉండే చీటీలో పేరు, కాలం తప్ప చదవడానికేమీ ఉండదు.

చివర్లో చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. చాలా వస్తువులకు అందులో మొదటి నాలుగు అంకెలు అది మ్యూజియం పద్దులో చేరిన సంవత్సరం. అమరావతి రాళ్ల నంబరు 1880తో మొదలవుతుంది, ఓడ కదిలిన 1859తో కాదు. ఫొటో తీసుకునేటప్పుడు ఆ నంబరు కూడా పడేలా తీయండి. ఇంటికొచ్చి మ్యూజియం వెబ్‌సైట్‌లో కొడితే అది ఎవరెవరి చేతులు మారి అక్కడికి చేరిందో చాలా వాటికి దొరుకుతుంది.