ఆ గోడ ఎందుకు కట్టారంటే

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న అమెరికాలో, డెట్రాయిట్ నగరంలో పార్కు పక్కన బొమ్మలు వేసిన పొడవాటి గోడను చూసి, "ఇది ఇక్కడ ఎందుకుంది?" అని అడిగారు. అప్పుడు నాకు తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నాను.

దాన్ని 1941లో కట్టారు. ఎత్తు ఆరడుగులు, పొడవు దాదాపు అర మైలు. ఒకవైపు నల్లజాతివారు అప్పటికే కాపురం ఉంటున్నారు. రెండోవైపు తెల్లవారికి ఇళ్లు కట్టి అమ్మాలని ఒక బిల్డరు అనుకున్నాడు. ఇంటి అప్పులకు హామీ ఉండే ప్రభుత్వ సంస్థ, పక్కన నల్లవారి పేట ఉందని ఒప్పుకోలేదు. మధ్యలో గోడ కడతానన్నాక ఒప్పుకుంది! ఇది చదివి చాలాసేపు మనసు మనసులో లేదు.

కంటికి కనిపించని గోడలు ఇంకా ఎన్నో ఉన్నాయి. 1930లలో అప్పు తీర్చలేక లక్షలమంది ఇళ్లు పోగొట్టుకుంటుంటే వారిని ఆదుకోవడానికి 1933లో ప్రభుత్వం ఒక సంస్థను పెట్టింది. అదే సంస్థ తర్వాత, ఏ పేటలో ఇంటికి అప్పివ్వడం ఎంత క్షేమమో చూపేలా, రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. మంచి పేటలకు ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం, పసుపు, చివరికి 'ప్రమాదకరం' అన్నవాటికి ఎరుపు. పేట గురించి నింపే కాగితంలో ఇళ్ల వయసు, జనం ఆదాయంతో పాటు నల్లవారు ఎందరున్నారో రాసే గడి కూడా ఉండేది. వారున్న పేటలు దాదాపు అన్నీ ఎరుపే. నెలనెలా వాయిదా కట్టగల మనిషికి కూడా అప్పు పుట్టకుండా ఆ రంగు అడ్డం వచ్చేది.

బ్యాంకు అప్పు దొరకని షికాగో నల్లజాతివారు అమ్మేవాడి దగ్గరే వాయిదాల మీద ఇల్లు కొనేవారు. మొత్తం తీరేదాకా ఇల్లు వారి పేరున ఉండదు. ఒక్క వాయిదా తప్పినా అంతవరకు కట్టిన డబ్బూ ఇల్లూ రెండూ పోయేవి. పిల్లలకు మిగలవలసిన ఆస్తి అలా పోయింది.

1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. కానీ ఒకనాటి ఎర్ర పేటల్లో ఎన్నింటిలోనో ఇప్పటికీ చెట్లు తక్కువ, వేడి ఎక్కువ.

మా ఊళ్లో దళితవాడ ఊరికి దూరంగా ఉండేది. ఏ పటమూ లేకుండానే ఆ గీత ఎక్కడుందో నాకు చిన్నప్పుడే తెలుసు. ఎవరు గీశారని మాత్రం నేను ఎన్నడూ అడగలేదు. మీరు అడిగారు, సంతోషం.

ఆ పాత పటాలను రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వారు ఇంటర్నెట్‌లో పెట్టారు. డెట్రాయిట్ పటం తెరిచి, ఆ పార్కు ఏ రంగులో ఉందో వెతికి నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య