ఆటిజం ఉన్న పెద్దవాళ్లు, గొంతులోని భావం: అపోహలు - వాస్తవాలు

స్పీచ్ థెరపిస్టునని చెప్పగానే అందరూ పిల్లల గురించే అడుగుతారు. ఆటిజం ఉన్న ఉద్యోగస్థులు, పెళ్లయినవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. వాళ్ల గురించి ఇంట్లోవాళ్లు అనే మాటలివి.

అపోహ: "ఆయనకి నా గొంతు బట్టి ఏదీ తెలియదు."

వాస్తవం: పెద్దగా అరిచినా, ఏడ్చినా చాలామంది పోల్చుకుంటారు. చిక్కంతా పైకి తేలని భావాలతోనే. భార్య "మీ ఇష్టం" అంటుంది. తేలిగ్గా సాగదీసి అంటే ఒప్పుకున్నట్టు. గొంతు దించి టక్కున ఆపేస్తే అలిగినట్టు. ఆయన మాట వరకే తీసుకుని, సరేనందనుకుని వెళ్లిపోతాడు. సాయంత్రానికి గొడవ! 2002లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఆడియో పుస్తకాల్లోని సంభాషణల ముక్కలు వినిపించి, మాట్లాడే మనిషి మనసులో ఏముందని అడిగారు. తెలివితేటల్లో ఏ లోటూ లేని ఆటిజం పెద్దవాళ్లు కూడా మిగతావారికంటే తక్కువ సరైన జవాబులిచ్చారు.

అపోహ: వినికిడి లోపం.

వాస్తవం: ఒకసారి చెవి పరీక్ష చేయించండి, మంచిదే. చాలామందికి అది నార్మల్‌గానే వస్తుంది. కొందరైతే సంగీతంలో చిన్న అపశ్రుతి కూడా పట్టేస్తారు.

అపోహ: "మనసే లేదు."

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. "నాకు ఏడుపొస్తోంది" అని నోరు తెరిచి చెప్పి చూడండి, ఎంత కంగారుపడతారో. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి అలెక్సిథైమియా, అంటే తమ భావాలకే పేరు పెట్టుకోలేని ఇబ్బంది, ఉంటుంది. ఎదుటివారి గొంతు పట్టలేకపోవడానికి చాలావరకు ఇదే కారణం కావచ్చని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అందుకే ఆటిజం ఉన్న అందరినీ ఒకే గాటన కట్టకూడదు.

అపోహ: లోపమంతా వాళ్లదే.

వాస్తవం: వాళ్లు మామూలుగా మాట్లాడుతుంటే "ఎందుకా కోపం?" అని అడిగేది మనమే. అపార్థం రెండువైపులా ఉంటుందని, తాను కూడా ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లోనే రాశారు.

అపోహ: గొంతులోని భావాలు నేర్పే యాప్‌తో ప్రాక్టీస్ చేస్తే ఈ ఇబ్బంది పూర్తిగా పోతుంది.

వాస్తవం: నేర్పిన భావాల వరకు మెరుగుపడతారు, ఇంట్లో మాటల దగ్గర ఆ ఫలితం అంతగా కనిపించదు. నేను ఇంట్లోవాళ్లకీ పని చెబుతాను: మాటలోనే చెప్పేయండి. "నాకు కోపంగా ఉంది, అరగంట ఆగి మాట్లాడదాం" అంటే చాలు. ఆఫీసులోనైతే మేనేజర్ ఫోన్‌లో చెప్పింది మెసేజ్‌గా కూడా పంపమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.