మాచ్‌ఖండ్: వాటాల లెక్కకెక్కని కుటుంబాలు

పాత యంత్రాల ఆధునికీకరణకు ఎవరెంత ఖర్చు పెట్టాలి, కరెంటులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నలతో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉమ్మడిగా నడిపే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పేరు మళ్లీ వినిపిస్తోంది. 1955లో ఉత్పత్తి మొదలైన నాటి ఘనత అందరూ ఎరిగినదే కనుక దాన్ని ఇక్కడ తిరగదోడనక్కరలేదు. ఈ తగవుకు బీజం అంతకు 19 ఏళ్ల ముందే, 1936 ఏప్రిల్ 1న పడింది.

అప్పటిదాకా మాచ్‌ఖండ్ నదికి రెండు ఒడ్డులూ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లావే. ఒరిస్సా ఏర్పడి, జయపురం సంస్థానం అటు వెళ్లాక నదే సరిహద్దయింది. డుడుమ జలపాతం దగ్గర నీటిని మళ్లించి లోయలోకి దించి కరెంటు తీయాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోక తప్పలేదు. మద్రాసుకు 70, ఒరిస్సాకు 30 శాతం అన్న పంపకం అలా పుట్టింది. విద్యుత్ కేంద్రం తమ నేల మీద ఉందన్నది ఒడిశా వాదన. నిర్వహణ ఏపీ జెన్‌కోది. 2020లో కుదిరిన ఒప్పందంతో వాటా సగం సగమైంది.

వాటాలు ఇన్నిసార్లు మాట్లాడుకున్నవారు జోలాపుట్ జలాశయం అడుగున పోయిన పొలాల గురించి అంత పట్టుదలగా మాట్లాడిన దాఖలా లేదు. డుడుమకు ఎగువన వానాకాలపు వరదను పట్టి వేసవికి నిలిపేందుకు కట్టిన ఆ ఆనకట్టతో సహా ఈ ప్రాజెక్టు 2,938 కుటుంబాలను ఉన్న ఊళ్ల నుంచి లేవదీసింది. వారిలో సగానికి పైగా గిరిజనులు. పునరావాసం దక్కింది సుమారు 600 కుటుంబాలకే. నాటి 1894 భూసేకరణ చట్టం నష్టపరిహారం ఇమ్మందే తప్ప, నిర్వాసితులకు మరోచోట నిలువనీడ చూపడాన్ని హక్కుగా గుర్తించలేదు. తరతరాలుగా పోడు చేసుకుంటూ కాగితం లేకుండా బతికిన మనిషికి అలాంటి చట్టం కింద ఏం మిగులుతుంది?

ఉద్యోగులు లోయలోని కేంద్రానికి తాడుతో లాగే వించిలో దిగుతారు. ముంచంగిపుట్టు మండలంలో జలాశయం అంచున ఉన్న గిరిజనులు మాత్రం అవతలి ఒడ్డుకు నాటుపడవల్లో ప్రాణాలరచేత పెట్టుకుని వెళ్తారు. ఇక్కడ యంత్రాలు తిప్పి వదిలిన నీరే దిగువన బలిమెలలో చేరి, సీలేరు కేంద్రాల్లో మళ్లీ కరెంటవుతుంది. అంటే జోలాపుట్ రైతు వదిలిన నేల ఫలితం ఒక్క మాచ్‌ఖండ్‌తో ఆగలేదు. ఆధునికీకరణ ఖర్చును చెరిసగం పంచుకోగలిగిన రెండు రాష్ట్రాలూ ఆ కుటుంబాల పునరావాసాన్నీ అదే ఒప్పందంలో చేర్చి, అదే నిష్పత్తిలో భరించాలి.