నేనేం ఇన్‌స్టాల్ చేయలేదు సార్! (అపోహలు - వాస్తవాలు)

కర్నూలులో కాలేజీలు, ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు చూసుకోవడం నా పని. నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "అన్నా, సిస్టమ్‌లో ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి కూర్చుంది. మేమెవరం వేయలేదు. హ్యాక్ అయిందేమో, ఫార్మాట్ కొట్టేద్దామా?"

కొట్టకండి. ముందు లాగులు చూడాలి. (ఈ మాట మొదటిసారి ఒక ఆఫీసులో అంటే అక్కడి పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. నిక్కర్ల సంగతి కాదు సార్, సిస్టమ్ తను చేసిన పనులు రాసుకునే లాగ్ ఫైళ్లు అని చెప్పుకోవాల్సి వచ్చింది.)

అపోహ: ఎవరూ వేయకుండా సాఫ్ట్‌వేర్ మారిందంటే బయటివాడు చొరబడ్డాడు, లేదంటే మనలోనే ఎవరో అబద్ధం చెబుతున్నారు.

వాస్తవం: ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అని ఒకటుంటుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎవరినీ అడగకుండా అదే వేసేస్తుంది. మామూలుగా ఉదయం 6 గంటల నుంచి 7 మధ్యలో ఎప్పుడో మొదలుపెడుతుంది. ఆ టైముకి మిషన్ ఆఫ్‌లో ఉంటే, ఆన్ చేశాక ఆ పని అందుకుంటుంది. ఈ ఆఖరి ముక్క తెలియక ఒక కుర్రాడి ఉద్యోగం పోబోయింది.

ఇక్కడే ఒక కాలేజీ ల్యాబ్. 40 మిషన్లు, అన్నిటికీ వైఫై డాంగిల్సే. ఒక మంగళవారం పొద్దున ఒక్కదానికీ నెట్ రాలేదు. చూస్తే కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మారిపోయి ఉంది. సోమవారం ల్యాబ్ తాళం తీసింది ల్యాబ్ అసిస్టెంట్, అప్‌డేట్ పడింది కూడా అతను తాళం తీసిన పావుగంటకే. ఇంకేం, "నువ్వే ఏదో గెలికావు" అన్నారు. నేను వెళ్లేసరికి ఆ అబ్బాయి ముఖం కళ తప్పి ఉంది, 6 మిషన్లు అప్పటికే ఫార్మాట్ అయిపోయాయి.

ఏడో మిషన్ ముట్టుకోవద్దని చెప్పి కూర్చున్నాను. వార్ ఫోల్డర్, అందులో లాగ్, అందులో ఏపీటీ (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే, తీసే టూల్ పేరు), అందులో హిస్టరీ లాగ్ ఫైలు. ప్రతి ఇన్‌స్టాలేషనూ అందులో ఒక పేరా. మొదట స్టార్ట్ డేట్, కింద కమాండ్‌లైన్, తర్వాత ఏవి వేశారు, ఏవి మార్చారు, చివర ఎండ్ డేట్. సుడోతో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపించేది) ఎవరైనా చేసి ఉంటే రిక్వెస్టెడ్ బై అని యూజర్ పేరు కూడా పడుతుంది. ఇక్కడ ఆ లైనే లేదు. కానీ అది లేనంత మాత్రాన నిర్దోషి అనేయకూడదు, నేరుగా రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, లాగిన్ అయి చేసినా ఆ పేరు పడదు. చూడాల్సింది కమాండ్‌లైన్. అక్కడ స్పష్టంగా అన్అటెండెడ్ అప్‌గ్రేడ్ అని ఉంది. సోమవారం కొత్త కెర్నల్ దిగింది, మంగళవారం మిషన్ ఆన్ చేయగానే దాంతో లేచింది. డాంగిల్ డ్రైవర్ ఏమో ఎప్పుడో పాత కెర్నల్‌కి చేత్తో కట్టింది (కంపైల్ చేసింది), కొత్తదాంతో అది పనిచేయలేదు. మిగిలిన 34 మిషన్లలో డ్రైవర్ మళ్లీ కట్టుకుంటే సరిపోయింది. ఫార్మాట్ చేసిన ఆరింటిలో లాగులూ పోయాయి, పిల్లల ప్రాజెక్టులూ పోయాయి. వాటికి ఇప్పుడు ఎవరు జవాబు చెబుతారు?

అందుకే భయపడేవాళ్ల మీద నాకు కోపం రాదు. "వైరస్సే, నాకు తెలుసు" అని పక్కనుంచి ఎగదోసేవాళ్ల మీదే వస్తుంది.

ఇదే హిస్టరీలో లిబ్ అని మొదలయ్యే పేర్లు చూసి హడలిపోయేవాళ్లున్నారు. పక్కన ఆటోమేటిక్ అని ఉంటే, మీరు అడిగిన సాఫ్ట్‌వేర్ తన అవసరానికి వెంట తెచ్చుకున్న సామాను అది.

అపోహ: తీసేస్తే జాడ ఉండదు. ఉంటుంది. ఏపీటీ వెనకాల అసలు పని చేసే డీపీకేజీ అనే టూల్ లాగ్‌లో రిమూవ్ అని తేదీ, టైముతో సహా పడుతుంది. నెలకో ఫైలుగా మారుతూ, పాతవి జిప్ అయి, 12 దాకా నిల్వ ఉంటాయి. వాటిలో వెతకడానికి జడ్‌గ్రెప్ కమాండ్ వాడండి. అయితే రూట్ పాస్‌వర్డ్ దొరికినవాడు లాగులే చెరిపేయగలడు. కాబట్టి లాగ్‌లో లేదు కనుక జరగలేదు అని ప్రమాణం చేయకండి.

అపోహ: ఏపీటీ హిస్టరీలో అన్నీ ఉంటాయి. ఉండవు. డెబ్ ఫైలు (ఉబుంటు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) తెచ్చి డీపీకేజీతో నేరుగా వేస్తే డీపీకేజీ లాగ్‌లోనే కనబడుతుంది. పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో వేసినవి రెండింట్లోనూ ఉండవు. ఉబుంటులోనే ఇంకో రకం ప్యాకేజీ అయిన స్నాప్ అయితే స్నాప్ చేంజెస్ అని అడగాలి, అది కూడా ఇటీవలివే చూపిస్తుంది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ అనే వేరే లినక్స్‌లు వాడేవాళ్లకు డీఎన్ఎఫ్ హిస్టరీ ఉంది, హాయి.

విండోస్ గురించి ఒక్క మాట. కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే ఇన్‌స్టాల్డ్ ఆన్ తేదీని పట్టుకుని గొడవపడకండి, అప్‌డేట్ పడితే అది మారిపోవచ్చు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అప్లికేషన్ లాగ్‌లో ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ పేరున్న ఎంట్రీలు చూడండి. ఈవెంట్ నంబర్ 11707 అంటే వేశారు, 11724 అంటే తీసేశారు.

ఇక మన ఎండాకాలం కరెంటు. అప్‌డేట్ మధ్యలో పవర్ పోతే డీపీకేజీ లాగ్ హాఫ్ కాన్ఫిగర్డ్ (సగమే సెట్ అయింది) దగ్గరే ఆగిపోవచ్చు. మళ్లీ ఆన్ చేశాక ఏది వేయబోయినా ఎర్రర్. దానికీ ఫార్మాటే అంటారు కొందరు. అక్కర్లేదప్పా, డీపీకేజీకి కాన్ఫిగర్ ఆప్షన్, దాని పక్కన హైఫన్ ఏ (-a) ఇచ్చి నడపండి. చాలాసార్లు ఆగిన చోటి నుంచి తనే పూర్తి చేసుకుంటుంది. యూపీఎస్ బ్యాటరీ సంగతి మాత్రం మీరే చూసుకోవాలి.