తడి నేల మీద తుపాను

'తీరం దాటిందంట, ఇంక పర్వాలేదు.' నవంబరు ముసురులో కడప వైపు ప్రతి ఇంట్లో వినబడే మాట ఇది. సముద్రం ఎక్కడో నెల్లూరు అవతల ఉంది, వాయుగుండం బలహీనపడిందని టీవీలో చెప్పేశారు, ఇంక మనకేం భయం అనుకుంటాం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరి, చెన్నై నడుమ తీరం దాటింది. ఆ ఉదయమే చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట దగ్గర పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్లను నీళ్లు ముంచెత్తాయి. మరి నేల మీదికి వచ్చాక అది బలహీనపడినట్టా, బలపడినట్టా?

బలం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. వాతావరణ శాఖ కొలిచేది గాలిని. గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగంతో వీస్తే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపాను. పేరు పెట్టేది అప్పుడే. ఈ లెక్కలో వానకు చోటు లేదు. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగిన రోజున పేరున్న తుపాను ఏదీ లేదు. అయినా 19 లక్షల క్యూసెక్కుల వరదకని కట్టిన శ్రీశైలం డ్యాముకు 25 లక్షలకు పైగా వచ్చింది. సీమను ముంచిన ఈ రెండు వరదలకూ తుపాను పేరు లేదు. అందుకే మన దగ్గర గాలి వేగం ఒక్కటే చూసి ధైర్యం తెచ్చుకోవడం ప్రమాదమని నా నమ్మకం.

తుపానుకు తిండి ఆవిరి. లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ నీళ్లన్నీ ఆవిరైపోవడానికి దాదాపు 8 రెట్లు కావాలి. ఆ వేడిని సముద్రం ఇస్తుంది, ఆవిరి దాన్ని మోసుకుని పైకి పోతుంది. పైన చల్లబడి మబ్బుగా మారేటప్పుడు మోసుకెళ్లిన వేడినంతా అక్కడ వదిలేస్తుంది. దాంతో గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి ఆ చోటికి దూసుకొస్తుంది. తీరం దాటగానే తిండి తగ్గిపోతుంది, చెట్లూ కొండలూ గాలికి అడ్డం పడతాయి. మామూలుగా తుపాను నీరసపడేది ఇందువల్లే.

కానీ ఆ నేల అప్పటికే నానిపోయి ఉంటే?

2007 ఆగస్టులో ఎరిన్ అనే చిన్న తుపాను అమెరికాలో టెక్సాస్ తీరం దాటింది. మూడు రోజుల తర్వాత, వందల కిలోమీటర్లు లోపలున్న ఓక్లహోమా మీద, సముద్రం మీద ఉన్నప్పటికన్నా బలంగా తిరిగింది. రాడార్‌లో నడిమధ్య కన్నులాంటి ఖాళీ కూడా కనబడింది. ఆ ఏడు అక్కడ వానలు విపరీతం, నేల నీళ్లు తాగి ఉంది. ఇలాంటి నేలను శాస్త్రవేత్తలు 'బ్రౌన్ ఓషన్' అంటున్నారు, అంటే మట్టిరంగు సముద్రం. జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు 1979 నుంచి 2008 వరకు నేల మీదికి వచ్చిన 227 తుపానులను పరిశీలిస్తే, 16 ఇలా తడినేల ఆవిరితో నిలదొక్కుకున్నట్టు తేలింది. నేల సముద్రమంత ఆవిరి ఇవ్వదు. మూడో వంతు ఇచ్చినా, చుట్టూ గాలి వెచ్చగా, తేమగా ఉంటే తుపాను ప్రాణం నిలుస్తుంది. మన దేశంలోనూ 2024 ఆగస్టులో ఒక వాయుగుండం రాజస్థాన్ నేల మీదే తీవ్ర వాయుగుండమైంది. గుజరాత్ మీదుగా అరేబియా సముద్రంలో దిగాక దానికి అస్నా అని పేరు పెట్టారు.

కడప జిల్లాకు 2021లో జరిగింది ఇదేనని మాత్రం అనను. ఆ వాయుగుండం గాలి నేల మీద పెరగలేదు. పెరిగింది వాన. బంగాళాఖాతం మీది తేమగాలి వెలికొండలకూ శేషాచలానికీ పాలకొండలకూ తగిలి పైకెక్కాల్సి వచ్చింది. పైకెక్కిన గాలి చల్లబడి, మోసుకొచ్చిన నీళ్లను కొండల మీదే దించేసింది. సుడి బలహీనపడినా ఆ తేమగాలి ఆగదు, మబ్బు ఇంకా విస్తరిస్తుంది కూడా. 283 చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే ఒక టీఎంసీ నీళ్లు. అన్నమయ్య ప్రాజెక్టు పట్టేది రెండు టీఎంసీల పైచిలుకు. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరు అయ్యే ఆ కొండల్లో అంతకన్నా చాలా ఎక్కువ విస్తీర్ణం మీద వాన కురిసింది.

నేల పాత్ర మన దగ్గర ఇంకో రకంగా ఉంది. వారం ముందే, నవంబరు 11న, ఇంకో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. మొదటి వానకు నేల పదునెక్కితే రైతుకు సంతోషం. దాని మీద రెండోది, మూడోది పడితే నేల ఇంక తాగదు. చెరువులు నిండి మరవ పారుతుంటాయి, పడిన చినుకు పడినట్టే వంకల్లోకి, వంకల నుంచి ఏట్లోకి పోతుంది. ఎండిన నేల మీద ఇంకిపోయేంత వాన, నానిన నేల మీద వరదవుతుంది. వాయుగుండం తీరం దాటిందని ఈసారి విన్నప్పుడు నేనడిగేది గాలి వేగం కాదు. అది ఎంత నెమ్మదిగా కదులుతోంది, గాలి ఏ కొండల వైపు వీస్తోంది, పైనున్న చెరువుల్లో ఇంకెంత ఖాళీ ఉంది అని.