సోరియాసిస్‌కు వస్తే బీపీ ఎందుకు చూస్తారు? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో చర్మవైద్యం చేస్తుంటాను. సోరియాసిస్‌తో వచ్చినవాళ్లకు బీపీ చూస్తానంటే "నాది చర్మం బీమారి కదా సార్, బీపీ ఎందుకు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

అపోహ: ఇది పైపైన ఉండే జబ్బు.
వాస్తవం: మన రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల వస్తుంది. చర్మాన్ని ఎర్రబరిచి పొలుసులు రాల్చే టీఎన్‌ఎఫ్, ఐఎల్-17 లాంటి వాపు పుట్టించే ప్రొటీన్లు రక్తంలోనూ తిరుగుతాయి, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు, అందులోనూ చిన్న వయసువాళ్లకు, గుండెపోటు ముప్పు తోటివాళ్లకంటే ఎక్కువ. అమెరికా హృద్రోగ నిపుణుల 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దీన్ని ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి.

అపోహ: పక్కనుంటే అంటుకుంటుంది.
వాస్తవం: అంటుకోదు. కటింగ్ షాపుల్లో ఈ మాట చెప్పేవాళ్లు కావాలి.

అపోహ: మచ్చలు పోతే దిగులూ పోతుంది.
వాస్తవం: అందరికీ పోదు. ఓరుగల్లు ఎండల్లోనూ నిండు చేతుల చొక్కా, పెళ్లికి పోయినా బంతిలో కూర్చోకపోవడం, సద్దుల బతుకమ్మ నాడు ఇంట్లోనే ఉండిపోవడం... ఇవన్నీ నేను మందుల చీటీ రాసేముందు అడిగి తెలుసుకునేవే. దిగులుందని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. "నిద్ర పడ్తలేదు, పానం మంచిగుంటలేదు" అని బలం గోలీలు అడుగుతారు. డిప్రెషన్‌లో నడక ఆగిపోతుంది, బీడీలు, మందు పెరుగుతాయి, షుగర్ గోలీలు మరిచిపోతారు. డెన్మార్క్‌లో దేశవ్యాప్త రికార్డులు పరిశీలిస్తే, సోరియాసిస్ ఉన్నవాళ్లు డిప్రెషన్‌లో ఉన్న కాలంలో గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరిగినట్టు తేలింది. కాబట్టి దిగులుకు విడిగా వైద్యం కావాలి. ఇంట్లోవాళ్లు "టెన్షన్ పడకు" అంటే సరిపోదు.

అపోహ: ఒక్క సూదితో తగ్గిపోతుంది.
వాస్తవం: స్టెరాయిడ్ సూదికి త్వరగానే తగ్గినట్టు కనిపిస్తుంది, జనం నమ్మేది అందుకే. దాని ప్రభావం పోయాక జబ్బు రెట్టింపుగా తిరగబడొచ్చు, కొందరికి ఒళ్లంతా చీము పొక్కులు వస్తాయి. పైగా షుగర్, బీపీ పెరుగుతాయి.

సోరియాసిస్‌కు మేం రాసే మందులతోనూ చిక్కులున్నాయి: సైక్లోస్పోరిన్ బీపీని, ఎసిట్రెటిన్ ట్రైగ్లిజరైడ్లను (రక్తంలోని ఒక రకం కొవ్వును) పెంచగలవు. గుండెకిచ్చే బీటా బ్లాకర్లతో కొందరికి సోరియాసిస్ ఎక్కువవుతుంది, అలాగని సొంతంగా ఆపొద్దు. వాడే గోలీలన్నీ సంచీలో వేసుకొని రండి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో అడగండి. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.