టూరిజం, కరెంటు, కార్బన్: హోటళ్ళ మీటర్లు చూసేవాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

నేను ఎనర్జీ ఆడిటర్‌ని. విశాఖ, అరకు, తిరుపతి వైపు హోటళ్ళు, రిసార్టుల్లో కరెంటు, డీజిల్, గ్యాస్ ఎక్కడ ఎంత పోతోందో మీటర్లు పెట్టి కొలిచి, ఓనర్లకి రిపోర్టు రాసిస్తాను. ఈ పనిలో కొన్ని మాటలు పదే పదే వినబడతాయి. ఓనర్లు అంటారు, అధికారులు అంటారు, పర్యావరణం అంటే ప్రాణం పెట్టేవాళ్ళూ అంటారు. నా గొడవల్లా ఒక్కటే. ఈ ఏడాది ఎన్ని లక్షల మంది వచ్చారో అందరూ చెబుతారు. వచ్చిన మనిషి గడిపిన ఒక్కో రాత్రికి ఎంత ఇంధనం కాలింది, అందుకు ఊళ్ళో ఎంత డబ్బు నిలిచింది అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు.

అపోహ: టూరిజం పొగగొట్టం లేని పరిశ్రమ.

వాస్తవం: పొగగొట్టం ఉంది. కాకపోతే హోటల్ మీద ఉండదు, వచ్చే దారిలో ఉంటుంది. 2019లో ప్రపంచం మొత్తం వదిలిన గ్రీన్‌హౌస్ వాయువుల్లో టూరిజం వాటా 8.8 శాతమని 2024లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లెక్కగట్టింది. అంతకుముందు పదేళ్ళలో ఆ ఉద్గారాలు ఏటా మూడున్నర శాతం చొప్పున పెరిగాయి. ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మొత్తం వదిలే ఉద్గారాలు కూడా అంత వేగంగా పెరగలేదు.

మనకి తెలిసిన ట్రిప్పుతోనే లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం డీజిల్ కారులో అరకు వెళ్ళి, రెండు రాత్రులు ఉండి తిరిగొచ్చింది. రానూపోనూ దగ్గర దగ్గర 1,470 కిలోమీటర్లు. లీటరుకి 18 కిలోమీటర్లు ఇచ్చినా 80 లీటర్లు దాటుతుంది. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం 220 కిలోలు. ఇక ఏసీ గది. లాబీ, లిఫ్టు, కిచెన్ వాటా కూడా కలిపి రాత్రికి 30 యూనిట్లు వేసుకున్నా రెండు రాత్రులకి 60. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది, అంటే 42 కిలోలు. దారిలో వదిలిన కార్బన్‌లో అయిదో వంతు. బాత్రూమ్‌లో 'టవల్ మళ్ళీ వాడండి, భూమిని కాపాడండి' అని కార్డు పెట్టే హోటళ్ళు చాలా ఉన్నాయి, మంచిదే. కానీ పార్కింగ్‌లో ఉన్న కార్లని చూస్తే నాకు ఆ కార్డు మీద పెద్ద నమ్మకం కలగదు. అదే కుటుంబం విశాఖ దాకా రాత్రి రైల్లో వచ్చి, అక్కడి నుంచి కిరండూల్ లైన్లో అరకు వెళితే దారి లెక్క చాలా చిన్నదవుతుంది. పైగా ఆ సొరంగాలు, లోయలు చూడ్డానికే సగం మంది వస్తారు.

ఇంకొకటి. వచ్చినవాళ్ళు రెండు రాత్రుల బదులు నాలుగు ఉంటే ఆ 220 కిలోలు నాలుగు రాత్రులకి పంచుకుంటాయి, ఊరికి వచ్చే డబ్బు ఇంచుమించు రెట్టింపవుతుంది. తెల్లవారుజామున లంబసింగి వచ్చి, మంచులో ఫొటో దిగి, మధ్యాహ్నానికి కొండ దిగిపోయేవాళ్ళ కారు మాత్రం అంత డీజిలూ కాలుస్తుంది. ఊరికి మిగిలేది టీ, టిఫిన్ డబ్బులు, రోడ్డు పక్కన ప్లాస్టిక్.

అపోహ: కరెంటు వాడకం పెరిగితేనే వ్యాపారం పెరుగుతుంది, తగ్గిస్తే దెబ్బతింటుంది.

వాస్తవం: కరెంటు లేకపోతే వ్యాపారం ఉండదన్నది నిజం. ఎక్కువ వాడితే ఎక్కువ వ్యాపారం అన్నది నిజం కాదు. ఆర్థికవేత్తల్లో ఇది పాత చర్చ. 1978లో జాన్ క్రాఫ్ట్, ఆర్థర్ క్రాఫ్ట్ అమెరికా గణాంకాలు తీసుకుని ఆదాయం పెరిగితే ఇంధన వాడకం పెరుగుతోందని, ఇంధనం పెరిగితే ఆదాయం పెరుగుతోందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆ తర్వాత ఒక్కో దేశానికి ఒక్కో జవాబు వచ్చింది. నాకు ఆ సిద్ధాంతాల కన్నా హోటల్ మీటరే ఎక్కువ చెబుతుంది.

సీజన్ అయిపోయాక గదులు మూడో వంతే నిండిన హోటల్‌కి వెళ్ళండి. బిల్లు మూడో వంతుకి దిగదు, చాలాచోట్ల సగానికి కూడా దిగదు. అందుకే నేను మెయిన్ ప్యానెల్ రీడింగ్ రాత్రి రెండింటికి తీస్తాను. అందరూ పడుకున్నారు, కిచెన్ మూసేశారు, అయినా లోడ్ దిగలేదంటే ఏదో ఊరికే తిరుగుతోందన్నమాట. ఫంక్షన్ లేని బాంకెట్ హాల్లో ఏసీ నడుస్తుంటుంది. పొయ్యి ఆరిపోయినా కిచెన్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగదు. పై ట్యాంకు పొర్లుతున్నా పంపు కట్టేయరు. ఎవరూ దిగని గదుల్లో గీజర్లు నీళ్ళు కాచుకుంటూనే ఉంటాయి.

గది తలుపు పక్కన కీకార్డు పెట్టే స్లాట్ ఉంటుంది చూడండి, కార్డు తీస్తే కరెంటు పోవాలని పెట్టింది. అందులో అతిథులు విజిటింగ్ కార్డు దూర్చి, ఏసీ ఆన్‌లో ఉంచి ఊరు చూడ్డానికి వెళ్ళిపోతారు. మామూలు స్లాట్‌కి ఏ అట్టముక్క అయినా చాలు. కార్డులోని చిప్ చదివే స్లాట్ పెడితే ఆ ఆట సాగదు. ఏసీ 18లో పెట్టి రెండు రగ్గులు కప్పుకునే అలవాటు సంగతి సరేసరి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతూనే ఉంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలన్న రూలు కూడా వచ్చింది. ఇవన్నీ సరిచేస్తే ఒక్క అతిథి కూడా తగ్గడు.

వాడిన యూనిట్లకే కాదు, ఒకేసారి లాగే లోడ్‌కి కూడా డబ్బు కట్టాలి. ఈ డిమాండ్ ఛార్జీల సంగతి చాలామంది ఓనర్లకి తెలియదు. ఆంధ్రలో పెద్ద వాడకందార్లకిచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటే, ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. డిసెంబర్ రద్దీని చూసి పెద్ద డిమాండ్ తీసుకున్న హోటల్, ఖాళీగా ఉన్న జూలైలోనూ ఆ భారం మోయాలి.

అపోహ: ముందు డబ్బు రానివ్వండి, పర్యావరణం తర్వాత అదే బాగుపడుతుంది.

వాస్తవం: ఈ మాటకి ఎన్విరాన్‌మెంటల్ కుజ్నెట్స్ కర్వ్ అని గౌరవమైన పేరుంది. ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందని 1990లలో గ్రాస్‌మన్, క్రూగర్ చూపించారు. సల్ఫర్ డయాక్సైడ్ లాంటి స్థానిక కాలుష్యానికి అది కొంతవరకు సరిపోయింది. అదీ దానంతట అది కాదు, జనం అడిగితే, చట్టం వస్తే తగ్గింది. కార్బన్ డయాక్సైడ్ విషయంలో ఆ వంపు మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కొట్టేసిన కొండకి, మురుగు కలిసిన చెరువుకి ఆ వంపు అసలు వర్తించదు. ఊటీ, కొడైకెనాల్‌లో డబ్బుకి లోటు లేదు. అయినా 2024 మే 7 నుంచి వాహనాలకి ఈ-పాస్ పెట్టమని మద్రాస్ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అపోహ: జనం ఎంత ఎక్కువ వస్తే ఊరికి, దేశానికి అంత లాభం.

వాస్తవం: వచ్చిన డబ్బులో ఎంత తిరిగి బయటికి పోతుందో చూడాలి. మాల్దీవుల్లో ఒక్కో రిసార్టుకి ఒక్కో ద్వీపం. చాలావాటికి సొంత జనరేటర్లు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే సొంత ప్లాంట్లు ఉంటాయి. ఆ దేశపు కరెంటులో అత్యధిక భాగం దిగుమతి డీజిల్‌తో వచ్చేదే. అంటే అతిథి ఇచ్చిన డాలర్లలో కొంత, అతను స్నానం చేసేలోపే డీజిల్ ఓడకి వెళ్ళిపోతుంది.

శ్రీలంక కథ ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. 2018లో ఆ దేశానికి టూరిజం మీద సుమారు 440 కోట్ల డాలర్లు వచ్చాయి. 2019 ఈస్టర్ రోజు బాంబు పేలుళ్ళు, మరుసటి ఏడాది కోవిడ్. డాలర్లు ఆగిపోయాయి. పన్నుల కోతలు, అప్పులు, రసాయన ఎరువుల నిషేధం కూడా తోడయ్యాయి, కాబట్టి నెపమంతా టూరిజం మీద వేయలేం. కానీ ఇంధనమంతా దిగుమతే అయిన దేశానికి డాలరు లేకపోవడమంటే కరెంటు లేకపోవడమే. 2022 మార్చి చివర్లో రోజుకి 13 గంటల కోత పెట్టారు. ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. తర్వాత పెట్రోల్‌కి క్యూఆర్ కోడ్, వారానికి ఇన్ని లీటర్లని కోటా. కరెంటు, పెట్రోలు లేని చోటికి టూరిస్టు రాడు, టూరిస్టు రాకపోతే డాలరు రాదు.

భూటాన్ ఇంకో దారి పట్టింది. సొంత జలవిద్యుత్తు ఉంది, మనకే అమ్ముతుంది. జనాన్ని తగ్గించి, ఒక్కో రాత్రికి రుసుం వసూలు చేస్తుంది. 2022లో దాన్ని 200 డాలర్లు చేసింది, మరీ ఎక్కువైందని మరుసటి ఏడాది 100కి తగ్గించింది. మన అరకులో అది కుదరదు, కుదరాలని నేనూ అనను. ఇది మన జనం తిరిగే చోటు.

అపోహ: డాబా మీద సోలార్ పెట్టాం, మాది గ్రీన్ హోటల్.

వాస్తవం: ఒక కిలోవాట్ ప్యానెళ్ళకి సుమారు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి. యాభై గదుల హోటల్ డాబా మీద ట్యాంకులు, డిష్‌లు పోను నాలుగు వేల అడుగులు దొరికితే రోజుకి 160 యూనిట్లు. గదులన్నీ నిండితే రోజు వాడకం 1,500. పెట్టొద్దని కాదు, తప్పకుండా పెట్టండి. కానీ గదులు నిండేది సాయంత్రం, ప్యానెళ్ళు పనిచేసేది పగలు. నీళ్ళు కాచడానికి గీజర్ తీసేసి, గాల్లోని వేడిని లాగి నీళ్ళకిచ్చే హీట్ పంపు పెడితే అదే వేడి మూడో వంతు కరెంటుతో వస్తుంది. పాత ఏసీల్లో చల్లదనానికి వాడే ఆర్-22 గ్యాస్ లీకవుతుంటే ఏటా నింపించుకునేవాళ్ళున్నారు. ఆ గ్యాస్ ఒక కిలో గాల్లో కలిస్తే 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. బోర్డు మీద ఆకు బొమ్మ వేసుకునే ముందు ఆ సిలిండర్ల బిల్లులు చూసుకుంటే మంచిది.

అపోహ: ఎలక్ట్రిక్ బస్సు వేస్తే పొల్యూషన్ తీరిపోయినట్టే.

వాస్తవం: 2022 సెప్టెంబర్ నుంచి తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. మలుపుల్లో ముందు బస్సు పొగ మన మొహాన కొట్టదు. కొండ దిగేటప్పుడు బ్రేకు శక్తి కొంత మళ్ళీ బ్యాటరీకి వెళుతుంది. అవి నాకు నచ్చుతాయి. కానీ కిలోమీటరుకి ఒక యూనిట్ పైన తాగే బస్సుని బొగ్గు కరెంటుతో నడిపితే, డీజిల్ బస్సుతో పోల్చినప్పుడు కార్బన్ లెక్కలో ఇవాళ్టికి పెద్ద తేడా రాదు. గ్రిడ్‌లో సోలార్, గాలి వాటా పెరిగేకొద్దీ వస్తుంది. అసలు లాభం నలభై మంది ఒకే బస్సులో వెళ్ళడంలో ఉంది, అది ఏ బస్సయినా సరే.

అపోహ: పరిశ్రమ హోదా వచ్చింది, కరెంటు చవకైతే ఇక అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ 2024-29 పర్యాటక విధానంలో టూరిజానికి పరిశ్రమ హోదా ఇచ్చారు. ఆ హోదాతో హోటల్ వాళ్ళు ముందుగా అడిగేది పరిశ్రమలకిచ్చే తక్కువ కరెంటు రేటే, అది సహజం. అయితే నా టేబుల్ మీద లెక్క ఇలా మారుతుంది. రోజుకి వంద యూనిట్లు మిగిల్చే హీట్ పంపు ఉందనుకుందాం. యూనిట్ పది రూపాయలైతే ఏడాదికి మిగిలేది 3.65 లక్షలు. ఏడున్నర అయితే 2.74 లక్షలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి అంత ఎక్కువ కాలం పడుతుంది, ఓనర్ 'ఇంకో ఏడాది చూద్దాం లెండి' అంటారు. అందుకే రేటు తగ్గించేటప్పుడే ఆడిట్ రిపోర్టు, గది-రాత్రికి ఎన్ని యూనిట్లన్న లెక్క తప్పనిసరిగా అడగాలని నేను కనిపించిన ప్రతి అధికారితోనూ అంటుంటాను. ఇప్పటికైతే చాలా హోటళ్ళలో ఆ లెక్క రాసే రిజిస్టరే లేదు.